ఆరు వారాల కన్ను, ఆరు నెలల సర్కారు

ఏజెన్సీలో చూపు సరిగా లేని పసిపిల్ల కనబడితే చాలు, అధికారి నుంచి విలేకరి దాకా అందరి నోటా ఒకటే మాట: "మేనరికం." వెంటనే రెండో మాట: "వీళ్ళకి అవగాహన లేదు." ఈ రెండు మాటలతో ఫైలు మూసేస్తారు. తప్పు ఆ తల్లిదండ్రులది, వాళ్ళ పెళ్ళిది, వాళ్ళ రక్తానిది అని తేల్చేస్తారు. రోడ్డుది కాదట, పీహెచ్‌సీది కాదట, బడ్జెట్‌ది అసలే కాదట.

మిత్రులారా, ఆ ఫైలు మళ్ళీ తెరుద్దాం. పసిపిల్లల కళ్ళను దెబ్బతీసే జన్యు జబ్బులు ఉన్నాయి. అవి నిజం. కానీ వాటిలో చాలావాటికి చూపు కాపాడే గడువు ఒకటి ఉంటుంది. ఆ గడువు దాటిపోవడం జన్యువు పని కాదు. అది సర్కారు పని.

ముందు మేనరికం సంగతే మాట్లాడుకుందాం. దాక్కోవాల్సిన పనేం లేదు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళి అయితే కొన్ని జన్యు జబ్బుల ముప్పు పెరుగుతుంది, ఇది సైన్సు. కానీ మేనమామ కూతుర్ని, మేనత్త కొడుకుని చేసుకోవడం ఆదివాసీల సొత్తా? కోస్తాలో లేదా? రాయలసీమలో లేదా? పొలాలు చీలిపోకూడదని, ఆస్తి బయటికి పోకూడదని తరతరాలుగా మేనరికాలు చేసుకున్న కులాలు ఎన్ని లేవు? వాళ్ళింట్లో ఇలాంటి బిడ్డ పుడితే "పాపం, దురదృష్టం" అంటారు. నెల తిరక్కుండా హైదరాబాద్‌లో స్పెషలిస్టు దగ్గర ఉంటారు. మన ఇంట్లో పుడితే మాత్రం అది "ఆచారం" అవుతుంది. రాజ్‌గోండుల్లో నాలుగు దేవుళ్ళు, ఐదు దేవుళ్ళు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలు ఉన్నాయి. ఒకే సగలో పెళ్ళి నిషిద్ధం. కోయల్లో గట్టు చూడకుండా సంబంధం కలుపుకోరు. ఎవరిని చేసుకోకూడదో ఇంత కచ్చితంగా రాసుకోకుండానే పాటించే జనాన్ని పట్టుకుని "వీళ్ళకి తెలీదు" అనడం అహంకారం కాక మరేంటి?

ఇంకో సంగతి. మన తెగల్లో కొన్ని చాలా చిన్నవి. చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు. జనం తక్కువైతే, వేరే ఊరి సంబంధం చేసుకున్నా, ఎక్కడో ఒకచోట పాత పూర్వీకుడు ఒక్కడే అవుతాడు. ఇది మన తప్పు కాదు. అడవుల నుంచి వెళ్ళగొట్టి, గూడేలను విడగొట్టి, జనాన్ని పలుచన చేసిన చరిత్రకూ ఇందులో పాత్ర ఉంది.

ఇక అసలు జబ్బుల్లోకి వద్దాం. మీ ఇంట్లో, మీ గూడెంలో పసిపిల్లలు ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి.

మొదటిది పుట్టుకతో వచ్చే గ్లకోమా. కంటి లోపల తయారయ్యే నీరు బయటికి పోయే దారి సరిగా ఏర్పడదు. ఒత్తిడి పెరుగుతుంది. పసిబిడ్డ కంటి గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి కన్ను సాగుతుంది, పెద్దదవుతుంది. ఇంట్లో అందరూ "బిడ్డవి ఎంత పెద్ద కళ్ళో" అని మురిసిపోతారు. డాక్టర్ల భాషలో దాని పేరుకి అర్థం "ఎద్దు కన్ను." కళ్ళ నుంచి నీరు కారుతుంది. బిడ్డ వెలుతురు చూడలేక అమ్మ భుజంలో ముఖం దాచుకుంటుంది. నల్లగుడ్డు మీద మంచు పట్టినట్టు మసక వస్తుంది. ఈలోగా లోపల కంటి నరం చచ్చిపోతూ ఉంటుంది. ఆ నరం మళ్ళీ బతకదు. పెద్దవాళ్ళ గ్లకోమాలా చుక్కల మందుతో నెట్టుకొచ్చే జబ్బు కాదిది. పసిపిల్లలకు ఆపరేషనే ముఖ్యమైన వైద్యం. ఎంత తొందరగా చేస్తే అంత చూపు మిగులుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3300 కాన్పులకు ఒక బిడ్డకు ఈ జబ్బు ఉన్నట్టు, పిల్లల్లో అంధత్వానికి 4.2 శాతం కారణం ఇదేనన్నట్టు వైద్య పరిశోధనలు చెప్పాయి. పశ్చిమ దేశాల్లో ఇది సుమారు 10,000 కాన్పులకు ఒకటి. స్లొవేకియాలోని రోమా ప్రజల్లో 1250కి ఒకటి. రోమాలు కూడా ఊరి చివరికి నెట్టబడ్డ జనమే. వాళ్ళ పూర్వీకులు మన ఉపఖండం నుంచే వెళ్ళారు. ఈ జబ్బులో ఎక్కువగా కనబడే జన్యువు పేరు సీవైపీ1బీ1. ఇందులో మార్పుల మీద హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్ళకు పైగా పరిశోధనలు అచ్చు వేస్తున్నారు. అంటే జ్ఞానం లేక కాదు. అది హైదరాబాద్‌లో ఉంది. అక్కడి నుంచి ఉట్నూరుకో భద్రాచలానికో దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఇరవై ఏళ్ళలో ఆ మూడు వందల కిలోమీటర్లు నడవలేకపోయింది.

రెండోది పుట్టుకతో వచ్చే శుక్లం. ముసలివాళ్ళకే వస్తుందనుకుంటాం కదా, పుట్టగానే కూడా ఉండొచ్చు. కొన్నిసార్లు జన్యువుల వల్ల, కొన్నిసార్లు గర్భంలో సోకిన ఇన్ఫెక్షన్ వల్ల. గెలాక్టోసీమియా అనే అరుదైన జబ్బులో పాలలోని చక్కెర బిడ్డకు అరగదు. తల్లిపాలు కూడా విషమవుతాయి. వాంతులు, కామెర్లు, కంట్లో శుక్లం వస్తాయి. తొందరగా కనిపెట్టి పాలు మాన్పిస్తే ఆ శుక్లం వెనక్కి తగ్గే అవకాశం కూడా ఉంది. ఆపరేషన్ కావాల్సిన దట్టమైన శుక్లమైతే మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు తీయడం మేలు. ఎందుకంటే చూడటం నేర్చుకునేది కన్ను ఒక్కటే కాదు, మెదడు కూడా. ఆ వారాల్లో కంట్లోకి వెలుతురు పోకపోతే మెదడు ఆ కన్నుని పట్టించుకోవడం మానేస్తుంది. తర్వాత ఎంత గొప్ప ఆపరేషన్ చేసినా పూర్తి చూపు రాదు.

మూడోది రెటినోబ్లాస్టోమా, కంటిపాపలో కనబడే క్యాన్సర్. దాదాపు అన్నీ ఐదేళ్ళ లోపు పిల్లల్లోనే వస్తాయి. సుమారు 40 శాతం కేసుల్లో ఆర్‌బీ1 అనే జన్యువులో మార్పు పుట్టుకతోనే ఉంటుంది. గుడ్డి దీపం వెలుతుర్లో పిల్లి కన్నులా కంటిపాప తెల్లగా మెరుస్తుంది, లేదా మెల్లకన్ను వస్తుంది. "మెల్లకన్ను అదృష్టం" అని ఊరుకుంటాం. తొందరగా పట్టుకుంటే ప్రాణం, చాలాసార్లు కన్ను కూడా దక్కుతాయి. ధనిక దేశాల్లో నూటికి 95 మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. పట్టించుకోకపోతే క్యాన్సర్ కంటి నరం దారిన మెదడుకు పాకి బిడ్డ ప్రాణమే పోతుంది.

నాలుగోది ఆల్బినిజం. చర్మం, వెంట్రుకలు తెల్లగా ఉండే పిల్లలు. మనవాళ్ళు బొల్లి అనుకుంటారు, కాదు. ఈ పిల్లల కంటి నిర్మాణమే వేరు. గుడ్లు ఊగుతూ ఉంటాయి, ఎండ చూడలేరు, దూరం కనబడదు. ఇది ఆపరేషన్‌తో పోయేది కాదు. కానీ అద్దాలు, టోపీ, పెద్ద అక్షరాల పుస్తకం, బోర్డు దగ్గర మొదటి బెంచీ ఉంటే ఆ పిల్ల చక్కగా చదువుకుంటుంది. ఇవేవీ ఇవ్వకుండా "మొద్దు" అని పేరు పెట్టి ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికి పంపేస్తే, ఆ పిల్ల ఎండలో మేకలు కాస్తుంది. ఆ ఎండే రేపు చర్మ క్యాన్సర్ తెస్తుంది.

ఇంకా ఎన్నో ఉన్నాయి. ఎంపీఎస్-1 అనే జబ్బులో నల్లగుడ్డు మసకబారుతుంది, పొట్ట ఉబ్బుతుంది, కీళ్ళు బిగుసుకుపోతాయి. అంటే కన్ను చాలాసార్లు ఒంట్లోని జబ్బుకు మొదటి సాక్షి. ఆ సాక్ష్యం వినేవాడేడీ?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది మీరు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, ఆర్‌బీఎస్‌కే, ముప్పై రకాల సమస్యల్ని పిల్లల్లో వెతకాలి. పుట్టుకతో వచ్చే శుక్లం అందులో ఉంది. మొబైల్ టీమ్ అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. అంటే అంతా సవ్యంగా జరిగినా ఆరు నెలలకోసారి. కన్నుకి గడువు ఆరు వారాలు. సర్కారు వచ్చేది ఆరు నెలలకి. వానాకాలంలో వాగు పొంగితే అదీ లేదు.

"లేదు లేదు, కాన్పు జరిగిన చోటే పరీక్ష చేయాలని రాసి ఉంది, ఇంటి దగ్గర ఆశా చూడాలని కూడా ఉంది" అంటారు. నిజమే, రాసి ఉంది. ఆశా అక్క ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆరు వారాలకి టీకా ఉంది. చూశారా? సర్కారు మనిషి ఆరు వారాల్లో ఆరుసార్లు మన గుమ్మం తొక్కుతోంది. అయినా కంటి జబ్బు దొరకడం లేదంటే కారణం "ఆదివాసీలు రారు" అనేది కాదు కదా? బిడ్డ అక్కడే ఉంది. అమ్మ అక్కడే ఉంది. ఆశా అక్కకు ఏం చూడాలో సరిగా నేర్పలేదు. చూసి చెప్పినా పంపడానికి చోటు లేదు.

ఈ పరీక్ష ఏమన్నా రాకెట్ సైన్సా? దాన్ని రెడ్ రిఫ్లెక్స్ పరీక్ష అంటారు. మసక చీకటి గదిలో, ఆఫ్తాల్మోస్కోప్ అనే చిన్న లైటు పరికరంతో, చేతి దూరం నుంచి బిడ్డ రెండు కళ్ళలోకి చూడాలి. రెండు కంటిపాపలూ ఒకేలా ఎర్రగానో నారింజ రంగులోనో మెరవాలి. నల్లటి కళ్ళున్న పిల్లల్లో ఆ మెరుపు కొంచెం పసుపుగా, మసకగా ఉండొచ్చు, కానీ రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి తెల్లగా ఉన్నా, మెరుపే లేకపోయినా, రెండింటికీ తేడా ఉన్నా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. ఒక నిమిషం పని. పరికరం ఖరీదు కొన్ని వేలు. మంత్రిగారి ఒక్క పర్యటనకు వేసే షామియానా ఖర్చు రాదు.

మరి ఎందుకు చేయరు? "అరుదైన జబ్బు కదా" అంటారు. ఈ "అరుదు" అనే మాట వెనక పెద్ద మోసం ఉంది. గిరిజన ప్రాంతంలో 20,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ అని నిబంధన. ఏడాదికి 360 కాన్పులు అనుకోండి. 3300కి ఒకటి అంటే ఆ పీహెచ్‌సీకి ఒక గ్లకోమా బిడ్డ తొమ్మిదేళ్ళకు ఒకసారి వస్తుంది. అక్కడ డాక్టరు రెండేళ్ళుంటే గొప్ప. ఆయన తన ఉద్యోగంలో ఒక్క కేసు కూడా చూడకుండానే బదిలీ అయిపోతాడు. అందుకే ఆయన కన్ను కారుతుంటే దుమ్ము పడిందంటాడు. మెడికల్ షాపు వాడు చుక్కలిస్తాడు. స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువ రోజులు వేస్తే కంటి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది! కానీ అదే లెక్కని ముప్పై పీహెచ్‌సీలున్న ఐటీడీఏ స్థాయిలో వేయండి. ఏడాదికి ముగ్గురు పిల్లలు. పదేళ్ళకు ముప్పై మంది. ఇది ఈ ఒక్క జబ్బు లెక్క. మిగతా అన్నీ కలిపితే? పీహెచ్‌సీకి అరుదైనది ఐటీడీఏకి అరుదు కాదు. కాబట్టి బాధ్యత ఐటీడీఏదే.

దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లోనే మొదలైంది. తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న మొదలయ్యాయి. ముసలమ్మకు కళ్ళజోడు, బడిపిల్లాడికి కళ్ళజోడు ఇచ్చారు. మంచిదే, మనం వద్దనడం లేదు. కానీ శిబిరానికి నడిచొచ్చి "నాకు కనబడటం లేదు" అని చెప్పగలిగిన వాళ్ళ కోసం పెట్టిన పథకాలవి. ఆరు వారాల బిడ్డ చెప్పలేదు. ఆ బిడ్డకు ఓటు కూడా లేదు.

2021లో కేంద్రం అరుదైన జబ్బుల జాతీయ విధానం తెచ్చింది. జాబితాలో ఉన్న జబ్బులకు 50 లక్షల దాకా సాయం అంటున్నారు. మన వైపు కేంద్రం హైదరాబాద్‌లో ఉంది, సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిపి. సరే. చింతూరు కొండ మీద గూడెంలో పుట్టిన బిడ్డకు ఆ జబ్బు ఉందని ముందు ఎవరో కనిపెట్టాలి కదా? డోలీలో మోసుకుని రోడ్డెక్కాల్సిన చోట నుంచి 50 లక్షల ఫారం దాకా దారి ఏది? పేరు లేని జబ్బుకి పథకం లేదు. పేరు పెట్టే డాక్టరు ఏజెన్సీలో లేడు.

ఆపరేషన్ ఉచితం అంటారు. అదీ సగం మాటే. గ్లకోమా పిల్లలకు ఆపరేషన్‌తో అయిపోదు. కొన్ని నెలలకోసారి మత్తిచ్చి ఒత్తిడి కొలవాలి. శుక్లం తీసిన బిడ్డకు అద్దాలు మార్చాలి, మంచి కన్నుకి పట్టీ కట్టి బలహీన కన్నుకి పని నేర్పాలి. ఏళ్ళ తరబడి తిరగాలి. ప్రతిసారీ ఇద్దరి కూలి, బస్సు చార్జీలు, పట్నంలో రాత్రి పడక, ఇంటి దగ్గర మిగతా పిల్లలు. మూడోసారికి ఇల్లు చితికిపోతుంది. నాలుగోసారి వెళ్ళరు. అప్పుడు కేస్ షీట్ మీద "ఫాలోఅప్‌కి రాలేదు" అని రాస్తారు. మళ్ళీ మన మీదే!

ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే వైకల్యం 30 శాతం అని లెక్కిస్తారు. పింఛనుకు, రాయితీలకు 40 శాతం కావాలి. క్యాన్సర్‌తో ఒక కన్ను తీయించుకున్న బిడ్డ కాగితం మీద వికలాంగుడే కాదు. ఆ కంటి చోట పెట్టుకునే కృత్రిమ కన్ను బిడ్డ పెరిగేకొద్దీ మార్చాలి. ఆ ఖర్చెవరిది?

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సినవి కూడా చెప్తాను. కోపం తెచ్చుకోకండి.

బిడ్డకు ఇలా అయితే మొదట అమ్మను అంటారు. గ్రహణం రోజు బయటికొచ్చిందనీ, దేవుడి మొక్కు తీర్చలేదనీ. అన్నా, తమ్ముడూ, వినండి. గ్లకోమాలాంటి జబ్బుల్లో చెడిన జన్యువు సగం అమ్మ దగ్గర నుంచి, సగం నాన్న దగ్గర నుంచి వస్తుంది. ఇద్దరి కళ్ళూ బాగానే ఉంటాయి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి ముగ్గురు బాగున్నారని నాలుగో బిడ్డ బాగుంటుందని కాదు. అలాగని కోడల్ని పుట్టింటికి పంపితే పోయేది కాదు. ఆడదాన్ని నిందించే మొగోడు తన రక్తంలో సగం సంగతి మర్చిపోతున్నాడు.

మన వెజ్జుల మీద నాకు గౌరవం ఉంది. ఎన్నో తరాలు ఆసుపత్రి లేని చోట ప్రాణాలు నిలబెట్టింది వాళ్ళే. కానీ ఈ జబ్బులకు పసరు లేదు. పసిబిడ్డ కంట్లో ఏ పసరూ పోయొద్దు. వెజ్జు దగ్గరికి వెళ్ళండి, మొక్కు తీర్చుకోండి, కానీ అదే రోజు ఆసుపత్రికి కూడా బయల్దేరండి. వెజ్జులే ఈ గుర్తులు నేర్చుకుని "ఇది నా చేతిలో లేదు, ఆసుపత్రికి పోండి" అంటే అంతకంటే పెద్ద సాయం ఇంకొకటి లేదు.

జన్యు పరీక్షల పేరుతో రక్తం తీసుకోవడానికి ఎవరైనా వస్తే అడగండి. ఎందుకు? ఎవరి దగ్గర ఉంటుంది? రిపోర్టు మాకెప్పుడిస్తారు? మా భాషలో ఎవరు చెప్తారు? రక్తం మనది, పరిశోధన పేరు వాళ్ళది, బిడ్డ కన్ను ఎవరిదీ కాదు అన్నట్టు ఉండకూడదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. ఏజెన్సీలో ప్రతి కాన్పు కేంద్రంలో బిడ్డ ఇంటికి వెళ్ళే ముందు, మళ్ళీ ఆరు వారాల టీకా రోజున రెడ్ రిఫ్లెక్స్ పరీక్ష చేయాలి. ఫలితం తల్లీబిడ్డల కార్డులో రాయాలి.

2. ఆశా అక్కలకు బొమ్మలతో, గోండి, కోయ, కోలామి, సవర, కువి భాషల్లో శిక్షణ ఇవ్వాలి. ఈ పనికి అదనపు డబ్బు ఇవ్వాలి. ఊరికే ఇంకో బరువు నెత్తిన పెట్టొద్దు.

3. అనుమానం వచ్చిన బిడ్డను వారంలోపు పిల్లల కంటి సర్జన్‌కు చూపించాలి. వాహనం, బస, తోడు మనిషి, ఇద్దరి కూలి నష్టం ఐటీడీఏ భరించాలి. దీనికి ప్రతి ఐటీడీఏలో ఒక ఉద్యోగి పేరుతో సహా జవాబుదారీ కావాలి.

4. ఒక బిడ్డకు జన్యు జబ్బు తేలితే తోబుట్టువులందరికీ కంటి పరీక్ష ఉచితంగా చేయాలి. తల్లిదండ్రులకు వాళ్ళ భాషలో జన్యు సలహా, చేతికి రిపోర్టు ఇవ్వాలి.

5. ఫాలోఅప్ ప్రయాణాలన్నీ పిల్లకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఉచితం చేయాలి. వైకల్య ధ్రువపత్రాల శిబిరం ఐటీడీఏ కేంద్రంలోనే పెట్టాలి. ఒక కన్ను పోయిన పిల్లలకూ సాయం ఇవ్వాలి.

6. ఆశ్రమ పాఠశాలల్లో, ఏకలవ్య బడుల్లో చూపు తక్కువున్న పిల్లలకు అద్దాలు, పెద్ద అక్షరాల పుస్తకాలు, బ్రెయిలీ, శిక్షణ పొందిన టీచరు ఉండాలి. ఆ పిల్లల్ని ఇంటికి పంపడం నేరంగా చూడాలి.

ఇవి దయాదాక్షిణ్యాలు కావు. ఐదో షెడ్యూల్ ఉన్నది మన భూమి కోసమే కాదు, మన బతుకు కోసం కూడా. 1996 పెసా చట్టం గ్రామసభకు నోరిచ్చింది. వచ్చే గ్రామసభలో ఈ ఆరు డిమాండ్లనూ తీర్మానంగా పెట్టండి. కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఐటీడీఏ పీవోకి ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత మీ పీహెచ్‌సీకి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి: "కాన్పు గదిలో ఆఫ్తాల్మోస్కోప్ ఉందా? చివరిసారి ఎవరికి వాడారు?" జవాబు రాయించుకోండి. ఆ జవాబు ఇక్కడ కామెంట్లలో పెట్టండి, మండలం పేరుతో.

ఈ రాత్రి మాత్రం ఇంకో పని చేయండి. మీ గూడెంలో ఏడాది లోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ గుర్తులు చెప్పండి: కంటిపాపలో తెల్ల మెరుపు, ఫోన్ ఫ్లాష్ ఫోటోలో ఒక కన్ను ఎర్రగా ఇంకోటి తెల్లగా రావడం, మరీ పెద్ద కళ్ళు, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మసక, ఊగే గుడ్లు, మెల్లకన్ను, మూడు నెలలు దాటినా అమ్మ ముఖం వైపు చూపు నిలపకపోవడం. ఒక్కటి కనబడినా "పెద్దయితే పోతుందిలే" అని ఆగొద్దు. విశాఖలో, హైదరాబాద్‌లో ప్రభుత్వ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. వెళ్ళడానికి డబ్బుల్లేకపోతే బిడ్డను ఎత్తుకుని నేరుగా ఐటీడీఏ ఆఫీసు ముందు కూర్చోండి. ఒక్కరే కాదు, గూడెం మొత్తం కూర్చోండి.

జోహార్.